రక్తంలో కాల్షియం నార్మల్... మరి ఎముకల సంగతి?

బ్లడ్ రిపోర్ట్‌లో కాల్షియం 9.4 అని వస్తే మనం ఏమనుకుంటాం? "సూపర్, ఎముకలు గట్టిగానే ఉన్నాయి" అనుకుంటాం. మా అమ్మకి యాభై దాటాయి కాబట్టి ఈ టాపిక్ నాకు బాగా దగ్గరిది. ఆ నంబర్ ఎముకల గురించి ఎందుకు చెప్పదో ఇవాళ చూద్దాం.

పెద్దవాళ్ళ ఒంట్లో దాదాపు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, పళ్ళలోనే. రక్తంలో తిరిగేది చిటికెడంతే. కానీ గుండె కొట్టుకోవాలన్నా, కండరం కదలాలన్నా, దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టాలన్నా ఆ చిటికెడు ఉండాల్సిందే. అందుకే శరీరం దాన్ని డెసీలీటర్‌కి సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్యే ఉంచుతుంది. బాగా పడిపోతే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, కండరాలు పట్టేస్తాయి, ఫిట్స్ కూడా రావచ్చు.

మరి దీన్ని కాపలా కాసేది ఎవరు? మెడలో థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజంత గ్రంథులు, సాధారణంగా నాలుగు ఉంటాయి. వాటి పేరు పారాథైరాయిడ్. కాల్షియం కాస్త తగ్గిందంటే చాలు, హార్మోన్ వదులుతాయి. అది మూడు పనులు చేయిస్తుంది. ఒకటి, మూత్రంలో పోయే కాల్షియాన్ని కిడ్నీలు ఆపుతాయి. రెండు, కిడ్నీల్లోనే విటమిన్ డి యాక్టివ్ అయి, పేగులు తిండిలోంచి ఎక్కువ కాల్షియం లాగుతాయి. మూడు, ఆస్టియోక్లాస్ట్ అనే కణాలు ఎముకని కొంచెం కరిగించి రక్తంలోకి వదులుతాయి. లెవెల్ సరిపోగానే హార్మోన్ తగ్గిపోతుంది. కోడింగ్ భాషలో చెప్పాలంటే, ఆగకుండా నడిచే లూప్ ఇది.

ఇప్పుడు అసలు పాయింట్. తిండిలో కాల్షియం చాలకపోయినా, ఎండ తగలక విటమిన్ డి తగ్గినా, శరీరం రోజూ ఎముకల మీదే పడుతుంది. ఎఫ్‌డీ బ్రేక్ చేసి ఇంటి ఖర్చులు నడిపినట్టు అన్నమాట. ఇల్లు బాగానే నడుస్తుంటుంది, రిపోర్ట్ నార్మలే వస్తుంది, లోపల దాచింది మాత్రం కరిగిపోతుంటుంది. ఆడవాళ్ళకి నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గడంతో ఇది ఇంకా స్పీడ్ అవుతుంది. ఎముక సాంద్రత తెలియాలంటే డెక్సా అనే వేరే స్కాన్ ఉంది. ఎవరికి అవసరమో డాక్టర్ చెప్తారు.

మన ఏజ్‌వాళ్ళకి ఎందుకంటారా? ఎముకల్లో డిపాజిట్ పెరిగేది దాదాపు 30 ఏళ్ళ వరకే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగుల్లోనే 300 పైన ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వులు కూడా మంచివే. నడక, బరువులెత్తడం ఎముకలకి బలం. ట్యాబ్లెట్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి, ఎక్కువైతే కిడ్నీలో రాళ్ళ రిస్క్ ఉంటుంది.

ఈ వీడియో మీ అమ్మగారికి కూడా చూపించండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.