అదే ఓహెచ్, పది లక్షల రెట్లు తేడా

స్వచ్ఛమైన ఫినాల్ 40.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. రామగుండంలో ఎండ 45 దాటిన రోజున, ఫ్యాను కూడా తిరగని కాలేజీ ల్యాబ్‌లో ఆ తెల్లని స్ఫటికాలు సీసాలోనే నీరుకారిపోతే ఆశ్చర్యం లేదు. మరగడానికి మాత్రం 182 డిగ్రీలు కావాలి. ఇంచుమించు అంతే అణుభారమున్న టోలీన్ 111 దగ్గరే మరుగుతుంది. ఆ 71 డిగ్రీల తేడా ప్రధానంగా హైడ్రోజన్ బంధాల పుణ్యం.

కానీ ఫినాల్ గుట్టు తెలియాలంటే పట్టుకోవాల్సిన అంకె 10. అది దాని పీకేఏ. ఆమ్ల బలాన్ని చెప్పే ఈ కొలతలో అంకె ఒకటి తగ్గితే బలం పది రెట్లు పెరుగుతుంది. సారాలో ఉండే ఇథనాల్‌కు ఇది 16. తేడా ఆరే, అంటే పది లక్షల రెట్లు! రెండింటిలోనూ ఉన్నది అదే ఓహెచ్. ఫినాల్‌లో అది బెంజీన్ వలయానికి అంటుకుని ఉంటుంది, అంతే. హైడ్రోజన్ అయాన్ వెళ్లిపోయాక ఆక్సిజన్‌పై మిగిలే రుణావేశాన్ని వలయం పంచుకుంటుంది. ఇథనాల్‌కు ఆ ఆసరా లేదు.

అలాగని మరీ బలమైన ఆమ్లమేమీ కాదు. కార్బానిక్ ఆమ్లం పీకేఏ 6.4, ఫినాల్ దానికీ లొంగుతుంది. అందుకే కాస్టిక్ సోడాలో కరుగుతుంది గానీ, వంటసోడా ద్రావణంలో వేస్తే బుడగలు రావు. ప్రాక్టికల్స్ పరీక్షలో చాలామంది బట్టీపట్టే ఈ తేడా వెనుక ఉన్నది ఈ రెండంకెలే. వలయానికి మూడు నైట్రో సమూహాలు తగిలిస్తే మాత్రం పీకేఏ 0.4కు పడిపోతుంది. అదే పిక్రిక్ ఆమ్లం, పేలుడు పదార్థం. 1917 డిసెంబరు 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో పేలిన ఓడ సరుకులో ఎక్కువ భాగం ఇదే.

ఆక్సిజన్ కూడా వలయం రుణం ఉంచుకోదు, తన ఎలక్ట్రాన్లను దానికి ఇస్తుంది. ఒక్క బ్రోమిన్‌ను పట్టడానికే బెంజీన్‌కు ఉత్ప్రేరకం కావాలి. ఫినాల్ బ్రోమిన్ నీటిలో ఏ సాయమూ లేకుండా 2, 4, 6 స్థానాల్లో మూడింటిని పట్టేస్తుంది. అణుభారం 94 నుంచి 331కి ఎగబాకి, తెల్లని అవక్షేపం పడుతుంది.

1865లో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ 11 ఏళ్ల బాలుడి కాలి గాయానికి కట్టిన మందు ఈ ఫినాలే. అప్పటి పేరు కార్బాలిక్ ఆమ్లం. క్రిములతోపాటు చర్మాన్నీ కాలుస్తుంది కాబట్టి తర్వాత దాని చుట్టాలు ఆ పని అందుకున్నాయి. డెట్టాల్ ద్రావణంలోని క్లోరోజైలినాల్ వాటిలో ఒకటి, 4.8 శాతం.

ఇప్పుడు ఫినాల్‌లో అధికభాగం ప్లాస్టిక్‌లకూ రెజిన్‌లకూ పోతోంది. 1907 నాటి బేకలైట్‌తో మొదలైన దారి అది. క్యుమీన్ పద్ధతిలో టన్ను ఫినాల్ తీస్తే, లెక్క ప్రకారం 620 కిలోల అసిటోన్ కూడా వచ్చిపడుతుంది, కావాలన్నా వద్దన్నా.

వాములో థైమాల్, లవంగంలో యూజినాల్ ఈ కుటుంబమే. పలాసలో జీడిపిక్కలు ఒలిచేవారి చేతులు పొక్కించే తొక్క రసమూ ఇదే జాతి. దాన్ని కాచి తీసిన కార్డనాల్ వాహనాల బ్రేకు లైనింగుల్లోకి చేరుతోంది.