ఇత్తడి గొట్టంలో మనిషి గొంతు

1994లో కె. బాలచందర్ తీసిన ‘డ్యూయెట్’ తెలుగులోకి డబ్బింగై వచ్చాక, శాక్సఫోన్ పేరు తెలియనివాళ్లకి కూడా దాని నాదం తెలిసిపోయింది. నెల్లూరు తనవాడని చెప్పుకునే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాటల పక్కన ఆ వాద్యం మరో గాయకుడిలా పలికింది. తెర మీద ఊదింది ప్రభు. వినిపించింది మాత్రం కద్రి గోపాల్‌నాథ్.

పెళ్లి ఊరేగింపులో బ్యాండువాళ్లు పట్టుకునే శాక్సఫోన్‌కీ, కచేరీలో గోపాల్‌నాథ్ పట్టుకున్నదానికీ ఆకారం ఒక్కటే, మీటలు ఒక్కటే. నాదం దగ్గరికొచ్చేసరికి రెంటికీ పోలికే ఉండదు. ఆ తేడా ఎక్కడ పుడుతోంది?

బెల్జియంలో పుట్టిన అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో ఈ వాద్యానికి పేటెంట్ తీసుకున్నాడు. ఒళ్లంతా ఇత్తడే అయినా దీన్ని సన్నాయి, క్లారినెట్‌ల వరసలోనే లెక్కిస్తారు. కారణం, ఇందులో శబ్దం పుట్టేది రెల్లుతో చేసిన రీడు దగ్గర. దీని గొట్టం మౌత్‌పీస్ దగ్గర సన్నగా మొదలై చివరిదాకా వెడల్పవుతూ పోతుంది. ఏ స్వరం వాయించినా దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్ల వేగంతో కంపించే ఉపస్వరాలు వెంట వస్తాయి. శంకువు ఆకారపు గొట్టం వీటన్నిటినీ పలికిస్తుంది, అందుకే శాక్సఫోన్ నాదం అంత నిండుగా ఉంటుంది. క్లారినెట్ గొట్టం చాలామేరకు ఒకే వెడల్పులో ఉంటుంది కాబట్టి, దాని కింది స్వరాల్లో సరిసంఖ్య ఉపస్వరాలు బలహీనంగా వస్తాయి. పైస్థాయి మీట నొక్కితే శాక్సఫోన్ అదే స్వరాన్ని తారస్థాయిలో పలుకుతుంది. క్లారినెట్ అయితే ఆ స్థాయి దాటి పంచమానికి ఎగురుతుంది.

కొనేటప్పుడు చాలామంది చూసేది లోహాన్ని, దాని మెరుపుని. నాదంలో దాని వాటా చాలా తక్కువ. 1953 మే 15న టొరంటోలోని మాసీ హాల్లో జాజ్ వాద్యగాడు చార్లీ పార్కర్ వాయించింది గ్రాఫ్టన్ కంపెనీ చేసిన తెల్లటి ప్లాస్టిక్ ఆల్టో శాక్సఫోన్. ఆ రికార్డింగ్ విన్నవాళ్లకి వినిపించేది పార్కరే. 1971లో జాన్ కోల్ట్‌మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త వెండి, రాగి, చెక్కలతో ఒకే కొలతల్లో మూడు ఫ్లూట్లు చేయించి, వినేవాళ్లకి కనిపించకుండా వాయింపజేశాడు. ఏది దేనితో చేసిందో సంగీతం తెలిసినవాళ్లు కూడా పట్టుకోలేకపోయారు. గొట్టం లోపలి కొలతలు కుదిరాక గోడ దేనితో కట్టారన్నది చెవికి దాదాపు అందదు.

మౌత్‌పీస్ సంగతి వేరు. శంకువు కొసను కోసేసిన చోట అది కూర్చుంటుంది. దాని లోపలి ఖాళీ ఆ కోసిన ముక్కకి బదులుగా పనిచేస్తుంది. ఆ ఖాళీ పెద్దదైతే నాదం మెత్తగా, గుండ్రంగా వస్తుంది. రీడుకి ఎదురుగా ఉండే లోపలి వాలు ఎత్తుగా ఉంటే గాలి ఇరుకున దూసుకుపోయి, నాదం పదునెక్కుతుంది. వీధిలో డ్రమ్ముల హోరుని దాటాలంటే ఆ పదును కావాలి. మైకు ముందు ఆలాపనకి అది ఎక్కువైపోతుంది.

రీడుని వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే మధ్యలో నీడలా ఒక మందపాటి గుండె, అంచుల వైపు పలచబడుతూ పోయే పొర కనిపిస్తాయి. రెండు వైపులా ఆ నీడ సమంగా దిగకపోతే రీడు ఒక పక్కే పలికి, స్వరం గరగరమంటుంది. రెండు, రెండున్నర, మూడు అని పెట్టెల మీద ఉండే అంకెలు గట్టిదనానికి గుర్తు. గట్టి రీడు నిండైన నాదమిస్తుంది గాని ఊపిరినీ పెదవినీ బాగా అడుగుతుంది.

అక్కడినుంచి పని వాద్యగాడి నోటిది. కింది పెదవి ఒత్తిడి, నాలుక ఎత్తు, గొంతు తెరుచుకునే తీరు మూడూ నాదాన్ని మారుస్తాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో వాయిస్తున్నవాళ్ల నోటి లోపలి అనునాదాన్ని కొలిచారు. అతి తారస్థాయికి వెళ్లినప్పుడు ఆరితేరినవాళ్లు తమ గొంతునే ఆ స్వరానికి శ్రుతి చేసుకుంటున్నారని తేలింది. కొత్తవాళ్లకి అది చేతకాక ఆ స్వరాలు అందలేదు.

కోస్తాలో సన్నాయి మేళం విని పెరిగినవాళ్లకి ఇది కొత్త విద్య కాదు. నాదస్వరం గొట్టం కూడా శంకువే. వాద్యగాడు రీడుల్ని, వాటిని సరిచేసే సూదిని దారాలకి కట్టి వాద్యానికే వేలాడదీసుకుంటాడు. నెల్లూరుకి ఉత్తరాన, ఒంగోలు పక్కనున్న కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా మొదట తండ్రి కాశిం సాహెబ్ దగ్గర, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నాదస్వరం నేర్చుకున్నారు. తంజావూరు బాణీ మీద మోజుతో నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైక్కణ్ణు సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడయ్యారు. శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు.

గోపాల్‌నాథ్ తండ్రి కూడా నాదస్వర విద్వాంసుడే. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ విని కొడుకు దానివైపు తిరిగాడు. నాదస్వరానికి రంధ్రాలు వేళ్లకింద తెరిచి ఉంటాయి, సగం మూసి గమకం తీయొచ్చు. శాక్సఫోన్ రంధ్రాల మీద మీటలతో కదిలే మూతలుంటాయి, వేలికి ఆ వీలు తక్కువ. అందువల్ల కర్ణాటక సంగీతపు గమకాల భారం చాలావరకు పెదవి, దవడ, గొంతు మోయాలి. 1994లో లండన్‌లో బీబీసీ ప్రామ్స్ వేదిక దాకా వెళ్లింది ఆ నాదమే.

సముద్రం పక్కన వాయించేవాళ్లకి ఇంకో లెక్క ఉంది. ఉప్పుగాలికి మీటల కింద ఉక్కు స్ప్రింగులు తుప్పు పడతాయి. తేమకి తోలు ప్యాడ్లు ఉబ్బి, ఆరితే గట్టిపడి, రంధ్రం పూర్తిగా మూయవు. వెంట్రుకవాసి సందులో గాలి పోయినా కింది స్వరాలు తడబడతాయి. ఎండకి గాలి వేడెక్కితే శ్రుతి పైకి పోతుంది, మౌత్‌పీస్ కాస్త బయటికి లాగి సరిచేసుకోవాలి. నెల్లూరు దగ్గరి మైపాడు, కోడూరు తీరాల్లో ఎవరైనా పిల్లలకి పాత వాద్యం కొనిపెడితే, పైపూత చూసే ముందు ప్యాడ్లు, స్ప్రింగులు మార్పించి, మంచి మౌత్‌పీస్, నాలుగైదు రీడులు ఇప్పించడం మేలు. ఆపై రోజూ కాసేపు ఒక్కో స్వరాన్నే దీర్ఘంగా నిలిపి వాయిస్తే, పెదవి కుదురుకుని నాదం నిలబడుతుంది.