వంటశాలలో బాధ్యులెవరు?



విందు భోజనం చేసిన కొద్ది గంటలకే ఒకే ఊరివారు పలువురు వాంతులతో ఆసుపత్రికి వస్తే, మేము తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నం ఎప్పుడు వండారు? ఎప్పుడు తిన్నారు?"

ఉడికించినా చావని సూక్ష్మజీవుల బీజాలు బియ్యంలో ఉంటాయి. వండిన అన్నం 60 డిగ్రీల వేడి కంటే చల్లారి గంటల తరబడి ఉంటే, అవి పెరిగి విషం పుట్టిస్తాయి. మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. మన గుంటూరు, ప్రకాశం ఎండల్లో మరింత జాగ్రత్త అవసరం.

ఇందుకే భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2017లో 'ఫోస్టాక్' శిక్షణ ప్రారంభించింది. లైసెన్సు గల హోటళ్ళు, క్యాంటీన్లలో ప్రతి 25 మంది పనివారికి శిక్షణ పొందిన ఆహార భద్రతా పర్యవేక్షకులు ఒకరుండాలి. శిక్షణ పొంది పరీక్షలో నెగ్గినవారికి సర్టిఫికెట్ ఇస్తారు. అది రెండేళ్ళు చెల్లుతుంది.

వీరు చూడవలసినవి:

1. వండేవారు, వడ్డించేవారు సబ్బుతో చేతులు కడగాలి.
2. విరేచనాలు, చేతిపై చీముపుండ్లు ఉన్నవారు వంట ముట్టరాదు.
3. బూజు పట్టిన మిరపకాయలు, వేరుశనగలు వాడరాదు. ఆ బూజు విషం కాలేయానికి హాని.
4. వండినది వేడి తగ్గకముందే వడ్డించాలి.

మన సంఘ విందులకు సర్టిఫికెట్ అడిగేవారు ఉండకపోవచ్చు. అయినా ఈ బాధ్యత ఒకరికి అప్పగించండి. "ఇది వడ్డించవద్దు" అని వారంటే, బిర్యానీకి ఎంత ఖర్చయినా సరే, పెద్దలు ఎదురు చెప్పకండి. పారబోసిన అన్నం మళ్ళీ వండుకోవచ్చు. ముందుగా ఆపద పాలయ్యేది పంక్తిలో కూర్చున్న పసిపిల్లలు, వృద్ధులే.