లాప్‌టాప్‌లలో అంతర్నిర్మిత నిల్వ సాధనం: ఆయుఃపరిమితి, సమాచార భద్రత

1. ఉపోద్ఘాతం:

క్షేత్రపర్యటనలలో సేకరించిన జానపదగేయాల ధ్వనిముద్రణలు, తాళపత్రాల ఛాయాచిత్రాలు, సిద్ధాంతవ్యాసాల ముసాయిదాలు నేడు అధికంగా పరిశోధకుల లాప్‌టాప్‌లలోనే ఉంటున్నాయి. విప్పి మార్చుకోగల హార్డ్‌డిస్క్ స్థానంలో, అనేక పలుచని లాప్‌టాప్‌లలో మదర్‌బోర్డుకే టంకం వేసి అతికించిన ఫ్లాష్ నిల్వ (ఎస్.ఎస్.డి.) వచ్చింది. ఇది వాడేకొద్దీ అరిగిపోతుందనీ, అరిగితే యంత్రమే నిరుపయోగమవుతుందనీ వినియోగదారులలో ఆందోళన ఉంది. అందులోని వాస్తవాన్ని పరిశీలించి, అసలు ప్రమాదాన్ని గుర్తించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. అరుగుదల స్వరూపం:

ఫ్లాష్ మెమరీని 1980లలో తోషిబా సంస్థ ఇంజనీరు ఫుజియో మసుఒకా రూపొందించారు. ఇందులో సమాచారం అతిసూక్ష్మమైన గదులలో విద్యుదావేశంగా నిలుస్తుంది. రాసిన ప్రతిసారీ, చెరిపిన ప్రతిసారీ ఆ గదిని కాపాడే పలుచని విద్యుద్బంధక పొర కొద్దిగా దెబ్బతింటుంది. చదవడం వల్ల కలిగే అరుగుదల స్వల్పం. ఒకేచోట భారం పడకుండా కంట్రోలర్ అనే చిప్ రాతలను అన్ని గదులకూ పంచుతుంది.

3. ఆయుఃప్రమాణం:

ఎంత పరిమాణం రాసేవరకు వారంటీ వర్తిస్తుందో తయారీదారులు ప్రకటిస్తారు. ఉదాహరణకు విడిగా అమ్మే సామ్‌సంగ్ 970 ఈవో ప్లస్‌లో 1 టెరాబైట్ రకానికి ఆ పరిమితి 600 టెరాబైట్లు, 250 గిగాబైట్ల రకానికి 150 టెరాబైట్లు. రోజుకు 30 గిగాబైట్లు రాస్తే మొదటిది సుమారు 55 ఏళ్లకు, రెండవది 13 ఏళ్లు దాటాక ఆ పరిమితిని చేరుతాయి. పరిమితి దాటగానే సాధనం ఆగిపోతుందని కూడా కాదు.

అయితే 2021 ఆరంభంలో ఆపిల్ ఎం1 లాప్‌టాప్‌లు వాడేవారిలో కొందరు తమ యంత్రాలలో రాతల పరిమాణం అసాధారణంగా ఉన్నట్లు గమనించారు. ర్యామ్ చాలనప్పుడు వ్యవస్థ నిల్వ సాధనాన్నే తాత్కాలిక మెమరీగా వాడుకుంటుంది. అప్పుడు వినియోగదారు ఏమీ భద్రపరచకున్నా రాతలు పెరుగుతాయి. కనుక కొనేటప్పుడే తగినంత ర్యామ్ ఎంచుకోవడం, నిల్వలో కొంత ఖాళీ ఉంచడం మేలు.

4. అసలు ప్రమాదం:

పై లెక్కలను బట్టి సాధారణ రచనా వ్యాసంగానికి అరుగుదల పెద్ద ముప్పు కాదు. ముప్పు మదర్‌బోర్డు వైఫల్యంలో ఉంది. నీరు ఒలికినా, విద్యుత్ వలయం కాలినా, కంట్రోలర్ పాడైనా ముందస్తు హెచ్చరిక ఉండకపోవచ్చు. విడదీయగల సాధనమైతే, అది చెడనంతవరకు, మరో యంత్రానికి తగిలించి చదవవచ్చు. అతికించినదానికి ఆ వెసులుబాటు లేదు. ఎం1 వంటి యంత్రాలలో సమాచారం ఆ ప్రాసెసర్‌కే ముడిపడిన గూఢసంకేతంలో ఉంటుంది. ఫ్లాష్ చిప్‌లను ఊడదీసి వేరొక చోట చదవాలన్నా ఫలితం ఉండదు.

వాడకుండా బీరువాలో దాచిన ఎస్.ఎస్.డి.నీ శాశ్వత భాండాగారంగా భావించరాదు. రాతల పరిమితి పూర్తయిన సాధనం విద్యుత్తు లేకుండా 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఏడాది సమాచారాన్ని నిలపాలన్నది జెడెక్ ప్రమాణం. ఉష్ణోగ్రత పెరిగితే ఆ గడువు తగ్గుతుంది. తెలుగునాట వేసవి ఎండలు ఆ డిగ్రీలను సులువుగా దాటుతాయి.

5. ముగింపు:

తాళపత్రానికీ ఆయువు పరిమితమే. ఆకు శిథిలమయ్యేలోపు మరో ప్రతి రాయించడం వల్లనే ప్రాచీన కావ్యాలు నేటికి మిగిలాయి. పండితులను నియమించి సి.పి. బ్రౌన్ చేయించిన పని కూడా అదే. ముఖ్యమైన సమాచారానికి మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, వాటిలో ఒకటి వేరొక ప్రదేశంలో ఉండాలన్న నేటి నియమం ఆ సంప్రదాయానికి కొనసాగింపే. నిల్వ సాధనం ఎన్నేళ్లు మన్నుతుందన్న ప్రశ్నకంటే, అది ఈరోజే ఆగిపోతే మరో ప్రతి ఎక్కడుందన్న ప్రశ్న పరిశోధకులకు ముఖ్యం.