చిన్న తరగతులకు మానవ శరీర పాఠం

ఒకటి, రెండు తరగతుల్లో మానవ శరీరం గురించి చెప్పడం తేలికని చాలామంది అనుకుంటారు. గోడకు చార్టు తగిలించి కన్ను, ముక్కు, చెవి అని పలికించేస్తే అయిపోయిందంటారు. నా లెక్కలో దీనికి మూడు వారాలు కావాలి.

మొదటి వారం పైకి కనిపించేవి. ఆ వయసు పిల్లలకు పాలపళ్లు ఊడుతుంటాయి. చేతికి చిన్న అద్దమిచ్చి లెక్కపెట్టమంటే చాలు. పాలపళ్లు 20, పెద్దయ్యాక 32 అన్న పాఠం వాళ్ల నోట్లోనే ఉంది.

రెండో వారం లోపలివి. ఎముకల గురించి మన వడమాలపేట పిల్లలకు చెప్పడం సులువు, పక్కనే పుత్తూరు కదా! పుత్తూరు కట్టులో వెదురుబద్దలు ఎందుకు పెడతారని అడిగితే, "కదలకుండా సార్" అని వాళ్లే అంటారు. విరిగిన కొసలు సరిగ్గా కలిసి కదలకుండా ఉంటే ఎముక తనే అతుక్కుంటుందని అక్కడినుంచి చెప్పుకుపోవచ్చు. పెద్దవాళ్లకు 206 ఎముకలు, ఒక్క చేతికే మణికట్టు నుంచి వేలికొస దాకా 27. ఇవి బట్టీ పట్టించనక్కర్లేదు. ఇక గుండెకు, కాగితాన్ని గొట్టంలా చుట్టి పక్కవాడి ఎదకు ఆనించి వినమనాలి. 1816లో ఫ్రాన్సులో లెనెక్ అనే వైద్యుడు చేసిందీ ఇదే, స్టెతస్కోపు అలాగే పుట్టింది. ఇరవైసార్లు గెంతి మళ్లీ వింటే తేడా తెలుస్తుంది. ఆడపిల్లలు ఆడపిల్లలతో, మగపిల్లలు మగపిల్లలతో జతకట్టాలి.

మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకం ఎదురు పేజీలో ఇంగ్లీషు. కలేజా, గుర్దా అంటే టక్కున చెప్పే పిల్ల కాలేయం, మూత్రపిండం అనగానే తల వంచుకుంటుంది. బక్రీదుకు ఇంట్లో అన్నీ చూసిన పిల్లే! ఇంటి మాటను ముందు పలకనిచ్చి, పక్కన బడి మాట రాస్తే ఆ బెరుకు పోతుంది. తరగతిలో మాంసం తినని ఇళ్ల పిల్లలూ ఉంటారు కనుక ఇది మాట వరకే.

మూడో వారం అసలైనది. ఎత్తు, బరువు, చేతుల శుభ్రత, ఆపైన కంటిచూపు. కళ్ల చార్టును 6 మీటర్ల దూరంలో పెట్టి ఒక్కో కన్ను మూయించి చదివించాలి. అక్షరాలు రానివారికి నాలుగు దిక్కులకు తిరిగిన గుర్తుల చార్టు ఉంటుంది. చూపు మందగించిన పిల్లలు ఆ మాట చెప్పరు, అందరికీ బోర్డు అలాగే కనిపిస్తుందనుకుంటారు. మనమేమో చదువు రాని పిల్లల లెక్కలో వేసేస్తాం.

దాతలు బడికి ప్లాస్టిక్ అస్థిపంజరం ఇస్తామంటుంటారు. సంతోషమే, కానీ అది ఎక్కువగా బీరువాలోనే ఉంటుంది. ఆ డబ్బుకు అద్దాలు, భూతద్దాలు, కొలత టేపు, బరువు మిషను, కళ్ల చార్టు వస్తాయి. మిగిలింది తిరుపతి కంటి ఆసుపత్రికి పోయివచ్చే ఛార్జీలకు, ఆ రోజు తల్లి పోగొట్టుకునే కూలికి అట్టిపెట్టాలి. కళ్లజోడుకు ఇచ్చేవారు దొరుకుతారు, కూలికి ఇచ్చేవారు అరుదు. చాలామంది పిల్లలు ఆసుపత్రి దాకా పోకుండా ఆగిపోయేది ఇక్కడే. పెరిగే పిల్లలకు పవరు మారుతుంటుంది కాబట్టి ఏటా జూన్‌లో బడి తెరవగానే ఈ పరీక్ష మళ్లీ చేయించాలి.