ఆత్మహత్యకు సహాయం – చికిత్స ఉపసంహరణ: క్రిమినల్, సివిల్ చట్టాల పరిశీలన

వ్యాససంగ్రహం: మరణం కోరుకున్న వ్యక్తికి సహాయపడటం భారతదేశంలో నేరం. ప్రాణాన్ని కృత్రిమంగా నిలిపే చికిత్సను నిర్ణీత పద్ధతిలో ఆపడం నేరం కాదు. తెలుగులో వాడుకలో ఉన్న పదాలు ఈ భేదాన్ని స్పష్టం చేయడం లేదు. చట్టనిబంధనలు, న్యాయస్థానాల తీర్పుల ఆధారంగా ఈ వ్యాసం ఆ భేదాన్ని వివరిస్తుంది.

కీలకపదాలు: ప్రేరేపణ, సహాయం, కారుణ్య మరణం, ముందస్తు వైద్య నిర్దేశం, వారసత్వ అనర్హత.

1. ఉపోద్ఘాతం:

‘ఆత్మహత్యకు ప్రేరేపించారని కేసు’ అనే వాక్యం తెలుగు పత్రికల్లో తరచుగా కనిపిస్తుంది. వేధించి, అవమానించి చావుకు పురికొల్పడమే నేరమనే భావన దీనివల్ల పాఠకునిలో స్థిరపడింది. మరోవైపు ‘కారుణ్య మరణం’ అనే మాట ప్రాణం తీసే మందు ఇవ్వడాన్నీ, వెంటిలేటర్ తొలగించడాన్నీ ఒకే గాటన కడుతుంది. పల్నాడు జిల్లా మాచవరం వంటి మండల కేంద్రంలో కోలుకోలేని రోగిని ఇంటివద్దే చూసుకునే కుటుంబానికి ఈ అస్పష్టత కేవలం భాషాసమస్య కాదు. దయతో చేసిన పని పదేళ్ల శిక్షకు దారితీయవచ్చు. చట్టం అనుమతించిన పనిని కూడా భయంతో మానుకోవచ్చు.

2. క్రిమినల్ చట్టం:

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 45వ సెక్షన్ ప్రకారం ఒక నేరానికి తోడ్పడటం మూడు విధాలు: పురికొల్పడం, కుట్రలో పాల్గొనడం, ఉద్దేశపూర్వకంగా సహాయపడటం. ‘ప్రేరేపణ’ అనే తెలుగు మాట వీటిలో మొదటిదానినే సూచిస్తుంది. రోగి కోరిక మేరకు, తాగితే ప్రాణం పోతుందని తెలిసి మందు తెచ్చి ఇవ్వడం మూడవదాని కిందికి వస్తుంది. అక్కడ ద్వేషం ఉండనవసరం లేదు. మరణానికి తోడ్పడాలనే ఉద్దేశం చాలు. 108వ సెక్షన్ ప్రకారం దీనికి పదేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. మరణించినది పిల్లలు లేదా మతిస్థిమితం లేనివారు అయితే 107వ సెక్షన్ వర్తిస్తుంది. దాని కింద మరణశిక్ష కూడా విధించవచ్చు.

రోగి తానే మందు తాగకుండా, మరొకరు అతని సమ్మతితో ప్రాణం తీస్తే అది ఆత్మహత్యకు సహాయం కాదు, నరహత్య. పద్దెనిమిదేళ్లు దాటిన వ్యక్తి సమ్మతి ఉంటే 101వ సెక్షన్‌లోని ఐదవ మినహాయింపు ఆ చర్యను హత్య స్థాయి నుంచి తగ్గిస్తుంది. శిక్షను మాత్రం తొలగించదు.

ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించిన పాత 309వ సెక్షన్‌ను కొత్త సంహిత కొనసాగించలేదు. ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి చేసే యత్నాన్ని మాత్రం 226వ సెక్షన్ నేరంగా ఉంచింది. అయితే యత్నం నేరం కానప్పుడు సహాయం ఎందుకు నేరమవుతుందనే ప్రశ్న వస్తుంది. దీనికి 1996 నాటి జ్ఞాన్ కౌర్ తీర్పులోనే సమాధానం ఉంది. జీవించే హక్కులో మరణించే హక్కు లేదనీ, సహాయాన్ని శిక్షించే నిబంధన యత్నాన్ని శిక్షించే నిబంధనపై ఆధారపడదనీ సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పేర్కొంది. అంతకుముందే చెన్నా జగదీశ్వర్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 309వ సెక్షన్ రాజ్యాంగబద్ధమేనని చెప్పింది. బొంబాయి హైకోర్టు 1986లో దీనికి భిన్నమైన తీర్పునిచ్చింది.

3. హైదరాబాద్ అనుభవం:

2004 డిసెంబరులో కండరాల క్షీణతతో బాధపడుతున్న 25 ఏళ్ల వెంకటేశ్ హైదరాబాద్‌లో వెంటిలేటర్‌పై ఉన్నాడు. అవయవాలు పాడవకముందే వాటిని దానం చేసేందుకు అనుమతించాలని అతని తల్లి హైకోర్టును ఆశ్రయించింది. అవయవమార్పిడి చట్టం మెదడు మరణించినవారి అవయవాల సేకరణను అనుమతిస్తుంది. అతను స్పృహలో ఉన్న రోగి. కోర్టు అనుమతి నిరాకరించింది. ఆ నెలలోనే అతను మరణించాడు. చికిత్స వద్దనడం, అవయవాల కోసం మరణాన్ని ముందుకు జరపడం వేర్వేరు ప్రశ్నలని ఈ కేసు చూపుతుంది. 2018 నాటి కామన్ కాజ్ తీర్పు మొదటి ప్రశ్నకే సమాధానమిచ్చింది.

4. చికిత్స ఉపసంహరణ మార్గం:

ఆ తీర్పు ముందస్తు వైద్య నిర్దేశాన్ని గుర్తించింది. వాడుకలో దీన్నే లివింగ్ విల్ అంటారు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు దీని విధానాన్ని సరళం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ పొందాలి. ప్రతిని స్థానిక సంస్థ నియమించిన అధికారికి అందజేయాలి. స్థానిక సంస్థల్లో గ్రామపంచాయతీ కూడా ఒకటి. కాబట్టి మాచవరం నివాసి పత్రాన్ని భద్రపరిచే బాధ్యత మాచవరం పంచాయతీ వరకు వస్తుంది.

అమలు మాత్రం ఆసుపత్రిలోనే జరుగుతుంది. చికిత్స చేసే వైద్యుడు, ఇద్దరు నిపుణులతో ప్రాథమిక మండలి ఏర్పడుతుంది. జిల్లా ప్రధాన వైద్యాధికారి సూచించిన వైద్యుడు, మరో ఇద్దరు నిపుణులతో ద్వితీయ మండలి ఉంటుంది. ఒక్కొక్క మండలి వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. నిర్ణయాన్ని అమలు చేసేముందు ఆసుపత్రి జుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. మండలి నిరాకరిస్తే హైకోర్టును ఆశ్రయించవచ్చు. నిర్దేశపత్రం లేనప్పుడు కూడా దగ్గరి బంధువుల సమ్మతితో ఇదే మార్గం ఉంది.

5. సివిల్ పర్యవసానాలు:

మరణానికి తోడ్పడతాననే ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదు. ప్రతిఫలంగా ఆస్తి రాసిస్తానన్న హామీని కోర్టు అమలు చేయదు.

వారసత్వం విషయం ఇంత తేలిక కాదు. హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ హత్య చేసినవారినీ, హత్యకు తోడ్పడినవారినీ అనర్హులను చేస్తుంది. ఆత్మహత్యకు తోడ్పడినవారి ప్రస్తావన అందులో లేదు. అయితే తన తప్పు నుంచి ఎవరూ లాభం పొందరాదనే సూత్రాన్ని ఈ చట్టానికి ముందే, 1924లో ప్రీవీ కౌన్సిల్ కెంచవ్వ కేసులో హంతకుడికి వర్తింపజేసింది. ఆస్తి కోసం మరణానికి తోడ్పడ్డారనే ఆరోపణ ఉన్నచోట ప్రతివాది ఈ సూత్రాన్ని ఆశ్రయించే అవకాశం ఉంది. శాసనం స్పష్టంగా చెప్పనంతవరకు సేవ చేసిన కుటుంబసభ్యుడికీ, ఆశపడిన బంధువుకీ తేడా తేల్చే భారం సివిల్ కోర్టు మీదే పడుతుంది.

6. ముగింపు:

మరణానికి సాధనం సమకూర్చడం ‘సహాయం’. రోగి సమ్మతితోనే అయినా మరొకరు ప్రాణం తీయడం ‘నరహత్య’. వ్యాధిని తన గతిన సాగనివ్వడం ‘ఉపసంహరణ’. మొదటి రెండూ నేరాలు. మూడవది నిర్ణీత పద్ధతిలో జరిగితే హక్కు. తెలుగు న్యాయపరిభాషలో ఈ మూడింటికీ మూడు వేర్వేరు మాటలు స్థిరపడాలి. ‘ప్రేరేపణ’, ‘కారుణ్య మరణం’ అనే రెండు మాటలతోనే సరిపెట్టుకుంటే నిర్దేశపత్రం రాసుకోవలసిన వ్యక్తి దాన్ని ఆత్మహత్యాపత్రంగా భావించి వెనుకాడవచ్చు. పంచాయతీలో దాన్ని స్వీకరించవలసిన ఉద్యోగి కూడా అలాగే వెనుకాడవచ్చు.