ఒక ఒరలో రెండు కత్తులు

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు" అనే సామెతను ఎనిమిదో తరగతిలో వివరిస్తుంటే వెనక బెంచీలో ఒక చెయ్యి లేచింది.

"మన బాస్కెట్‌బాల్ టీములో ఇద్దరు సెంటర్లు ఉన్నారు కదా టీచర్! మరి వాళ్లలో ఎవరు బయట కూర్చోవాలి?"

తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఇద్దరిలో ఒక అబ్బాయి అమ్మగారు ముందురోజే నన్ను కలిసి వెళ్లారు. "వాడు వారం రోజులుగా బంతి ముట్టుకోవడం లేదండీ. ప్రాక్టీసుకు పొమ్మంటే, అక్కడ నాకు పనేముంది అంటున్నాడు" అన్నారు.

సంగతి ఇది. ఆ అబ్బాయి ఆరో తరగతి నుంచి ఖరగ్‌పూర్‌లోనే చదువుతున్నాడు. ఇప్పుడు పదో తరగతి. ఇన్నాళ్లూ టీముకు అతనే సెంటర్. జూలైలో విశాఖపట్నం నుంచి మరో అబ్బాయి వచ్చాడు. నాన్నగారికి బదిలీ. ఇతను అతనికంటే ఒక అంగుళం ఎక్కువ పొడవు. అతనిదీ సెంటర్ స్థానమే. ఇద్దరూ తెలుగువాళ్లే, ఇద్దరూ రైల్వే వాళ్ల పిల్లలే. కానీ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు.

నేను బాస్కెట్‌బాల్ ఆడినదాన్ని కాను. టీముతో పాటు ఎస్కార్ట్‌గా ఊళ్లు వెళ్లడం వల్ల, మా స్పోర్ట్స్ సార్ ఓపికగా చెప్పడం వల్ల కొంత తెలిసింది. ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఇంకొంత నేర్చుకున్నాను. అదే మీకు చెబుతాను.

చిక్కు ఎక్కడ వస్తుంది?

బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. రింగు నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది. రింగు ముందు రంగు వేసిన దీర్ఘచతురస్రం ఒకటి కనిపిస్తుంది, దాని వెడల్పు 4.9 మీటర్లు, పొడవు 5.8 మీటర్లు. దాన్ని పెయింట్ అంటారు. బంతి మన టీము చేతిలో ఉండగా, మనలో ఎవరూ ఆ పెయింట్‌లో వరుసగా మూడు సెకన్లు దాటి నిలబడకూడదు. బంతి చేతికి వచ్చాక 24 సెకన్లలోగా షాట్ వెయ్యాలి.

జట్టులో ఐదుగురు. బంతిని నడిపించే గార్డులు, పక్కల నుంచి ఆడే ఫార్వర్డ్, రింగు దగ్గర ఆడే పొడగరులు. ఈ పొడగరులనే ఆటలో బిగ్ మెన్ అంటారు. అమ్మాయిల జట్లలోనూ ఈ స్థానాలు ఇవే.

ఇద్దరు పొడగరులకూ రింగు దగ్గర నిలబడటమే అలవాటు అనుకోండి. ఇద్దరూ అక్కడికే వెళతారు. వాళ్లను కాపలా కాసే ఇద్దరు ప్రత్యర్థులూ వెంట వెళతారు. అంటే ఆ చిన్న చోట నలుగురు చేరారు. ఇప్పుడు మన గార్డు బంతితో లోపలికి దూసుకుపోవాలంటే దారి ఏదీ? జనరల్ బోగీలో లోపల సీట్లు ఖాళీగా ఉన్నా నలుగురు తలుపు దగ్గరే నిలబడితే ఎవరూ ఎక్కలేరు చూడండి, అచ్చం అలాగే.

మా టీము మొదటి మ్యాచ్‌లో ఇదే జరిగింది. ఇద్దరినీ కలిపి ఆడించారు. ఇద్దరూ ఒకే వైపు, ఒకే చోట చెయ్యి ఎత్తి బంతి అడిగారు. ఒక రీబౌండ్ కోసం ఇద్దరూ ఎగిరి ఒకరినొకరు ఢీకొన్నారు. బంతి ప్రత్యర్థి చేతిలో పడింది.

ఒకరు పైన, ఒకరు కింద

దీనికి పాతకాలం నుంచీ ఉన్న పరిష్కారాన్ని హై-లో అంటారు. ఒక పొడగరి కింద, అంటే రింగుకు ఒక పక్కగా, పెయింట్ గీతకు ఆనుకుని బయట నిలబడతాడు. రెండోవాడు పైన, అంటే ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడతాడు. ఇప్పుడు ఇద్దరి మధ్యా ఖాళీ ఏర్పడింది.

తర్వాత ఏం జరుగుతుందో జాగ్రత్తగా చూడండి. కింద ఉన్నవాడికి పక్క నుంచి బంతి అందకుండా ప్రత్యర్థి అతని ముందుకు వచ్చి అడ్డంగా నిలబడతాడు. అప్పుడు గార్డు కిందికి ఇవ్వకుండా, పైన ఉన్నవాడికి బంతి ఇస్తాడు. బంతి ఉన్న చోటు మారింది కాబట్టి కోణం కూడా మారింది. ఇంతవరకు సరైన చోట ఉన్న ఆ ప్రత్యర్థి ఇప్పుడు తప్పు వైపు ఉన్నాడు. కింద ఉన్న మనవాడు అతన్ని తన వీపుతో అక్కడే ఆపి, పెయింట్‌లోకి ఒక అడుగు వేసి, చెయ్యి పైకెత్తుతాడు. పైవాడు బంతిని ఆ చేతికి అందిస్తాడు. పెయింట్‌లో గడిపింది ఒకటి రెండు సెకన్లే, మూడు సెకన్ల నియమమూ తప్పలేదు.

ప్రత్యర్థులు ఊరుకోరు. పైవాడిని కాపలా కాసేవాడు వెనక్కి తగ్గి కిందివాడికి అడ్డుపడతాడు. అలా చేస్తే పైవాడి ముందు ఎవరూ ఉండరు, అతను నేరుగా షాట్ వెయ్యవచ్చు. ముగ్గురు లోపలికి చేరితే బయట మన ఆటగాడు ఒకరు ఒంటరిగా దొరుకుతాడు. ఏ తలుపు మూస్తే రెండోది తెరుచుకుంటుంది.

ఇక్కడ అసలు పని ఎవరిదో గమనించారా? పైన నిలబడినవాడిది. అతను చూడాలి, ఆగాలి, సరైన క్షణంలో ఇవ్వాలి. పాయింట్లు మాత్రం ఎక్కువగా కిందివాడి పేరున పడతాయి.

రెండో లాభం రీబౌండ్లలో ఉంది. పక్క నుంచి వేసిన షాట్ తప్పితే బంతి ఎక్కువగా అవతలి పక్కకు పడుతుంది. ఒకడు షాట్ వేస్తుంటే రెండోవాడు అవతలి పక్కన సిద్ధంగా ఉంటే, తప్పిన బంతి మళ్లీ మనదే అవుతుంది.

ఎత్తు ఒక్కటే చాలదు

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో కెంటకీ విశ్వవిద్యాలయం పెద్ద పేరున్న జట్టు. అక్కడ శామ్ బౌయీ అనే 7 అడుగుల 1 అంగుళం ఆటగాడు కాలి గాయంతో రెండు సీజన్లు ఆడలేదు. ఆ కాలంలో 6 అడుగుల 11 అంగుళాల మెల్విన్ టర్పిన్ సెంటర్‌గా ఎదిగాడు. బౌయీ తిరిగి వచ్చాక 1983-84 సీజన్‌లో ఇద్దరూ కలిసి ఆడారు. జనం వాళ్లను జంట గోపురాలు అన్నారు. జట్టు జాతీయ పోటీల్లో చివరి నాలుగు జట్లలో ఒకటిగా నిలిచింది.

సెమీఫైనల్‌లో ఎదురైంది జార్జ్‌టౌన్ జట్టు. మొదటి సగం ముగిసేసరికి కెంటకీ 29-22తో ముందుంది. రెండో సగంలో 33 షాట్లు వేస్తే 3 మాత్రమే పడ్డాయి. చివరికి 53-40తో ఓడింది. జంట గోపురాలు ఉన్నా, బంతి రింగులో పడకపోతే ఎత్తు ఏం చేస్తుంది?

ఒక బదిలీ ఉద్యోగి కొడుకు

ఇప్పుడు మీకు నచ్చే కథ. డేవిడ్ రాబిన్సన్ తండ్రి అమెరికా నౌకాదళంలో పనిచేసేవారు. అంటే రాబిన్సన్ కూడా మీలాగే పెట్టెలు సర్దుకుంటూ పెరిగినవాడే. నౌకాదళ అకాడమీలో చదువుతూ కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడాడు. తర్వాత నౌకాదళంలో రెండేళ్లు పనిచేసి, 1989లో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టులో చేరాడు. 7 అడుగుల 1 అంగుళం పొడగరి. 1995లో మొత్తం లీగ్‌లోనే అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు.

1996-97లో గాయాల వల్ల అతను 6 మ్యాచ్‌లే ఆడాడు. జట్టు 82 మ్యాచ్‌లలో 20 మాత్రమే గెలిచింది. ఆ తర్వాత వచ్చాడు టిమ్ డంకన్. ఎత్తు 6 అడుగుల 11 అంగుళాలు. కరీబియన్ దీవుల పిల్లవాడు, చిన్నప్పుడు ఈతగాడు. 1989లో వచ్చిన తుఫాను వాళ్ల ఊరి ఈత కొలనును నాశనం చేశాక బాస్కెట్‌బాల్‌కు మారాడు. వేక్ ఫారెస్ట్ కాలేజీలో నాలుగేళ్లు ఆడి, 1997లో స్పర్స్‌కు వచ్చాడు. అతను ఆడేది కూడా రింగు దగ్గరే.

రాబిన్సన్‌కు అప్పటికి ఎనిమిదేళ్లుగా అది తన జట్టు. అయినా కొత్తవాడికి చోటు ఇచ్చాడు. మొదటి సీజన్‌లోనే జట్టు 56 మ్యాచ్‌లు గెలిచింది. క్రమంగా కింద ఆడే పని ఎక్కువగా డంకన్‌ది అయింది. రాబిన్సన్ పైన ఫ్రీ త్రో గీత వైపు జరిగి, అక్కడి నుంచి బంతి అందించడం, రీబౌండ్లు తీయడం, కాపలా కాయడం చూసుకున్నాడు. అతని సొంత పాయింట్లు తగ్గాయి. 1999లో స్పర్స్ మొదటిసారి ఛాంపియన్ అయింది. 2003లో మళ్లీ గెలిచింది, అదే రాబిన్సన్ చివరి సీజన్.

మన దేశంలోనూ ఇలాంటి జంట ఉంది. 2014 జూలైలో చైనాలోని వుహాన్‌లో జరిగిన ఆసియా కప్‌లో భారత జట్టు చైనాను వాళ్ల గడ్డమీదే 65-58తో ఓడించింది. ఆ జట్టులో అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్ ఇద్దరూ పొడగరులు. అమృత్‌పాల్ రింగు దగ్గర బలంగా ఆడతాడు. అమ్‌జ్యోత్ లోపలా ఆడగలడు, బయటికి వచ్చి మూడు పాయింట్ల షాట్ కూడా వెయ్యగలడు. ఇద్దరిలో ఒకరు బయటికి వస్తే అతని కాపలాదారు కూడా బయటికి రాక తప్పదు. లోపల చోటు దొరుకుతుంది.

నష్టం లేదా?

ఉంది. మూడు పాయింట్ల గీత రింగు నుంచి 6.75 మీటర్ల దూరంలో ఉంటుంది. ప్రత్యర్థి జట్టులో ఐదుగురూ అక్కడి నుంచి షాట్ వెయ్యగలిగితే, మన రెండో పొడగరి రింగు వదిలి అంత దూరం పరుగెత్తాలి. సాధారణంగా పొడగరులు పొట్టివాళ్లంత చురుగ్గా పక్కకు కదల్లేరు. ఇద్దరూ రీబౌండ్ కోసం లోపలే ఉండిపోతే, బంతి పోయిన మరుక్షణం ప్రత్యర్థులు అవతలి రింగు దగ్గర ఉంటారు. అందుకే ఈ రోజుల్లో చాలా జట్లు ఒక్క పొడగరినే ఉంచి నలుగురు షూటర్లను ఆడిస్తాయి. ఇద్దరినీ ఆడించాలంటే ఒకరైనా దూరం నుంచి షాట్ వెయ్యాలి, లేదా చక్కగా బంతి అందించాలి. బంతి పోగానే ఇద్దరిలో ఒకరు ముందుగా వెనక్కి పరుగెత్తాలి.

మన కోర్టులో

మా స్పోర్ట్స్ సార్ ఆ ఇద్దరినీ పిలిచి గూడ్స్ రైళ్ల గురించి అడిగారు. "నిమ్‌పురా వైపు వెళ్లే బరువైన రైళ్లకు రెండు ఇంజిన్లు ఎందుకు ఉంటాయిరా?" అన్నారు. రైల్వే పిల్లలు కదా, వెంటనే చెప్పారు. రెండు ఇంజిన్లు కలిపితే బరువు లాగవచ్చు, ముందు ఇంజిన్‌లో ఉన్న లోకో పైలట్ రెండింటినీ నడుపుతాడు. "రెండూ రెండు వైపులకు లాగితే?" అన్నారు సార్. ఇద్దరూ మొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పాత అబ్బాయిని పైన నిలబెట్టారు. అతనికి కోపం వచ్చింది. "నా చోటు తీసి వాడికిచ్చారు" అన్నాడు నాతో. అది అబద్ధమని చెప్పలేకపోయాను. నిజంగానే ఇచ్చారు. "పదిహేను రోజులు ఆడి చూడు, అప్పటికీ నచ్చకపోతే నేనే సార్‌తో మాట్లాడతాను" అన్నాను.

మొదటి వారం అతను ఇచ్చిన పాసులు సగం కోర్టు దాటి రోడ్డు మీద పడ్డాయి. రెండో వారం నుంచి కుదిరింది. నాలుగేళ్లుగా ఆడుతున్నవాడు కాబట్టి ఎవరు ఎటు పరుగెడతారో అతనికి ముందే తెలుసు. ఆ తెలివి కొత్త అబ్బాయికి లేదు. పదిహేను రోజులయ్యాక అతను నా దగ్గరకు రాలేదు.

ప్రాంతీయ పోటీల్లో మేం రెండో రౌండులో ఓడిపోయాం. వేగంగా ఆడే పొట్టి జట్టు మా ఇద్దరు పొడగరులనూ పరుగెత్తించి అలిసిపోయేలా చేసింది. తిరుగు రైల్లో ఇద్దరూ ఒకే బెర్తు మీద కూర్చుని, ఎక్కడ తప్పు జరిగిందో హవాయి చెప్పులతో, బిస్కెట్ ప్యాకెట్లతో బొమ్మ గీసుకుంటున్నారు.

నాకిది ఐదో పోస్టింగ్. ప్రతి స్కూల్లోనూ నేను వెళ్లేసరికి నా పని చేస్తున్నవారు ఎవరో ఒకరు ఉండేవారు. ఒక చోట సాంస్కృతిక కార్యక్రమాలు నాకే కావాలని పట్టుబట్టి, ఏళ్లుగా అవి చూసుకుంటున్న ఒక పెద్దావిడను నొప్పించాను. ఆవిడ దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉండేది. ఇంతలో మళ్లీ బదిలీ వచ్చింది.

ఈ జనవరిలో పాత అబ్బాయి నాన్నగారికీ ఆర్డర్లు వచ్చాయి. టీసీ తీసుకునే రోజు వచ్చి అడిగాడు. "అక్కడ కూడా ఒక సెంటర్ ఉంటాడు కదా టీచర్?"

"ఉంటాడు" అన్నాను.

కాసేపు ఆలోచించాడు. "వాడికి పాస్ ఇవ్వడం వచ్చో రాదో ముందు చూడాలి" అన్నాడు.

సామెత కత్తుల గురించి చెప్పినది నిజమే పిల్లలూ. కానీ కత్తులు పక్కకు జరగలేవు, మనం జరగగలం. ఏప్రిల్‌లో మీలో కొందరు కొత్త ఊళ్లకు వెళతారు, ఇక్కడికి కొందరు కొత్తవాళ్లు వస్తారు. వచ్చినవాళ్లలో మీకంటే ఒక అంగుళం పొడవైనవాళ్లు ఉంటే, సాయంత్రం కోర్టు దగ్గరకు తీసుకురండి. ఫ్రీ త్రో గీత దగ్గర ఒకరు, రింగు పక్కన ఒకరు నిలబడి, పది పాసులు వేసి చూడండి.